పట్టుకున్నవాడి పూచీ

శ్రీవైష్ణవుల్లో మా నాన్నగారి వైపు వాళ్ళు వడగల. అమ్మ వైపు వాళ్ళు తెంగల. ఆ సంబంధం ఎలా కుదిరిందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ తిన్నగా చెప్పరు. కుదిరాక మాత్రం కోతికీ పిల్లికీ తగువు తప్పలేదు. సెలవులకి విజయనగరం వెళ్తే అక్కడ తాతగారు పిల్లి పక్షం. తిరిగి విశాఖపట్నం వస్తే ఇక్కడ నాన్నగారు కోతి పక్షం. పిల్లలం మేం ఎవరి వైపు మాట్లాడితే ఏం దొరుకుతుందో లెక్క చూసుకుని పక్షాలు ఫిరాయించేవాళ్ళం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కోతిపిల్ల తల్లి పొట్టను కరుచుకుని ఉంటుంది. తల్లి కొమ్మ నుంచి కొమ్మకి దూకుతుంటే పట్టు వదలకుండా చూసుకోవడం పిల్ల పని. పిల్లిపిల్లకి అలాంటి పనేమీ లేదు. కళ్ళు మూసుకుని పడుంటే తల్లే నోట కరుచుకుని వీధి వీధీ తిప్పుతుంది. భగవంతుడు మనల్ని కాపాడాలంటే మన వైపు నుంచి ఏమైనా ఉండాలా, అక్కర్లేదా? ఆవగింజంత సాకైనా ఉండాలన్నారు వేదాంత దేశికుల (1268–1369) దారిలో నడిచిన వడగలవాళ్ళు. ఆయన దయకు కారణం వెతకడమే తప్పన్నారు పిళ్ళై లోకాచార్యుల దారిలోని తెంగలవాళ్ళు. మర్కట న్యాయం, మార్జాల న్యాయం అని వీటికి పేర్లు. వందల ఏళ్ళ ఈ చర్చ నడిమధ్యలో నుదుటి నామం ఆకారం మీదికి మళ్ళి కోర్టులకెక్కింది. ఆ కథ ఇక్కడ వద్దు.

నేను అమెరికా వెళ్ళింది ఈ తగువు తీర్చడానికి కాదు. పైనుంచి వేలాడే గుడ్డ మీద నాట్యం నేర్చుకోడానికి వెళ్ళాను. తగువే నా వెంట వచ్చింది.

కూచిపూడి నా వృత్తి. పిల్లలకి నేర్పుతాను, పిలిచినచోట ఆడతాను. ద్రౌపదీ వస్త్రాపహరణ ఘట్టం చాలాకాలంగా ఆడుతున్నాను. మా పద్ధతిలో చీర లాగడం నిజంగా ఉండదు. దుశ్శాసనుడు చేతులు మార్చి మార్చి లాగుతున్నట్టు అభినయిస్తాడు, ద్రౌపది గిరగిరా తిరుగుతుంది, మిగతాది చూసేవాళ్ళు ఊహించుకుంటారు. బాగానే ఉంటుంది. కానీ ఆ గుడ్డ ఎక్కణ్ణించి వస్తోందన్న ఆలోచన నన్ను వదల్లేదు. పైనుంచి వస్తే? వచ్చిన గుడ్డే ఆమెను నేల మీంచి లేపితే? మా సంప్రదాయంలో పెద్దలు చెప్పే కథ ఒకటుంది. ద్రౌపది ఒక చేత్తో చీర పట్టుకుని రెండో చేత్తో కృష్ణుణ్ణి పిలిచినంతసేపూ ఆయన రాలేదట. రెండు చేతులూ వదిలి పైకెత్తినప్పుడు చీర పెరగడం మొదలైందట. తాతగారి దగ్గర ఈ కథ ఎన్నిసార్లు విన్నానో. గాల్లో నాట్యం చేసేవాళ్ళు గుడ్డ మీంచి రెండు చేతులూ వదిలెయ్యడం ఒక వీడియోలో చూసిన రోజు, ఇది మా తాతగారి కథే కదా అనుకున్నాను.

ఇక్కడ దొరకదా అని చాలామంది అడిగారు. ముందు ముంబై శివాజీ పార్కుకే వెళ్ళాను. అక్కడ ఆడపిల్లలు తాడు మల్లఖంబం చేస్తారు. తాడుకి ముడి వెయ్యకూడదు. ఒంటికి చుట్టుకున్న ఆ తాడు పట్టుతోనే తలకిందులుగా నిలవాలి. రెండో బాజీరావు పీష్వా కాలంలో బాలంభట్ దాదా దేవధర్ మల్లఖంబానికి మళ్ళీ ప్రాణం పోశాడని వాళ్ళు గర్వంగా చెబుతారు. ఆ పిల్లల ఒడుపు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయితే అది వ్యాయామం, పోటీల్లో మార్కులకి ఆడేది. నాకు దాన్ని నాట్యంగా ఆలోచించినవాళ్ళు కావాల్సి వచ్చింది.

ఆ ఆలోచన చేసింది ఎక్కువగా అమెరికా ఆడవాళ్ళు. గాల్లో విన్యాసం సర్కస్‌కి పాతదే. 1859లో పారిస్‌లో జూల్ లెయొటార్ అనే యువకుడు ఒక ట్రపీజు నుంచి ఇంకో ట్రపీజుకి ఎగిరి ఊరిని వెర్రెత్తించాడు. తూలూజ్‌లో తండ్రి ఈతకొలను మీద సాధన చేశాడట, పడితే నీళ్ళలో పడేలా. సర్కస్‌కి ఎత్తే ప్రాణం, చూసేవాడి గుండె జారాలి. 1970లో నాట్యకర్త ట్రిషా బ్రౌన్ న్యూయార్కులో ఏడంతస్తుల భవనం గోడ మీద ఒక మనిషిని తాళ్ళతో కట్టి, ఒళ్ళు నేలకి సమాంతరంగా ఉంచి, బజారుకి వెళ్తున్నంత మామూలుగా కిందికి నడిపించింది. అదే దశాబ్దంలో కాలిఫోర్నియాలో టెరీ సెండ్‌గ్రాఫ్ ట్రపీజుని అంతెత్తు నుంచి చేతికందేంత కిందికి దించింది. రెండు చోట్ల కట్టే తాళ్ళను పైన ఒక్క బిందువు దగ్గర కలిపింది. దాంతో ట్రపీజు ముందుకీ వెనక్కీ ఊగడమే కాక గుండ్రంగా తిరిగింది. నేల మీద నాలుగు అడుగులు వేసి, గాల్లోకి లేచి, మళ్ళీ నేలకి వచ్చి, ఆ రాకపోకలనే నాట్యం చెయ్యడం అక్కణ్ణించి మొదలైంది. ఎత్తు తగ్గించాక కళ పెరిగింది. నాకు ఈ వరసలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆవిడే.

వీసా ఇంటర్వ్యూలో ఆఫీసరు కాగితాలు చూసి, "నాట్యం సరే, గాల్లో ఎందుకు?" అని అడిగాడు. కృష్ణుడి గురించి చెప్పబోయి మానేసి, నేను వెళ్తున్న గాలి నాట్యాల పండగ కార్యక్రమం కాగితం ఇచ్చాను. సముద్రం దాటితే ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సిన ఇంట్లోంచి వచ్చినదాన్ని. తాతగారు మాత్రం, "విమానంలో వెళ్తే సముద్రం తగలదుగా అమ్మాయ్" అని తేల్చేశారు.

వెళ్ళిన ఊరు కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్. రాకీ పర్వతాల పాదాల దగ్గర, సముద్రమట్టానికి 1,600 మీటర్ల పైన ఉంటుంది. నాన్సీ స్మిత్ 1988లో అక్కడ ఫ్రీక్వెంట్ ఫ్లయర్స్ అనే బృందం పెట్టింది. 1999 నుంచి వాళ్ళు ఏరియల్ డాన్స్ పండగ జరుపుతున్నారు. పొద్దున పాఠాలు, సాయంత్రం ప్రదర్శనలు, మధ్యలో చర్చలు. ఊరు కూడా ఈ కళకి తగినదే. టిబెట్ గురువు చోగ్యమ్ త్రుంగ్పా 1974లో స్థాపించిన నరోపా విద్యాసంస్థ అక్కడే ఉంది. చుట్టూ కొండలెక్కేవాళ్ళు. ఒక వీధిలో ధ్యాన మందిరం, పక్క వీధిలో తాళ్ళూ కొక్కేలూ అమ్మే దుకాణం. పట్టుకోవడం మీద కొందరు, వదలడం మీద కొందరు బతుకుతున్న ఊరు.

మొదటి పాఠాల్లో నేను పక్కా కోతిని. పైకప్పు నుంచి రెండు పాయలుగా వేలాడే నైలాన్ గుడ్డని పిడికిళ్ళలో బిగించి పైకి పాకడమే. అరచేతులకి రోజిన్ పొడి రాసుకున్నా జారేవి. ముంజేతులు బిగుసుకుపోయి సాయంత్రం మంచినీళ్ళ సీసా మూత తిప్పలేకపోయేదాన్ని. సముద్రపు గాలికి అలవాటుపడ్డ ఊపిరితిత్తులు అక్కడి గాలి చాల్లేదని గొడవ పెట్టేవి. మోకాళ్ళ వెనకా నడుం మీదా గుడ్డ ఒరుసుకుని వాతలు తేలాయి. పాతికేళ్ళుగా అడుగు వేసేముందు భూమికి నమస్కారం పెట్టి, కాలితో తట్టబోతున్నందుకు క్షమించమని అడిగిన ఒళ్ళు ఇది. నేల అందకపోతే దానికి ఏం చెయ్యాలో తోచేది కాదు. అలవాటుగా పాదాలు గాల్లో కూడా తట్టడానికి చూసేవి. పక్కవాళ్ళకి అది ముచ్చటగా ఉండేదట.

టీచరు పదే పదే ఒక్క మాటే చెప్పేది: చేతులు తగ్గించు, కాళ్ళకి పని చెప్పు. పాదం చుట్టూ గుడ్డని ఒక పద్ధతిలో తిప్పి రెండో పాదంతో అదిమితే అక్కడ అది బిగుసుకుంటుంది. దాన్ని ఫుట్ లాక్ అంటారు. తుంటి మీదుగా తొడ చుట్టూ తిప్పితే హిప్ కీ. చుట్టు సరిగ్గా పడిందా, ఇక చేతులతో పనే లేదు. ఇందులో మాయ ఏమీ లేదు, రాపిడి లెక్క. మా విశాఖ రేవులో ఓడ తాడుని ఇనప గుంజకి నాలుగు చుట్లు చుట్టి ఒక్క మనిషి ఓడని ఆపుతాడే, ఆ లెక్కే. చుట్టు పెరిగినకొద్దీ పట్టు కూడికలా పెరగదు, హెచ్చవేతలా పెరుగుతుంది. గుడ్డ నన్ను మోస్తోందని తెలిసి మొదటిసారి రెండు చేతులూ పక్కకి చాచినప్పుడు, తలకిందులుగా వేలాడుతూ నవ్వాను.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. నాన్నగారు అంతా విని, "చూశావా, చుట్టు నువ్వే చుట్టుకోవాలి. ఆ మాత్రం ప్రయత్నం లేనిదే పట్టు లేదు" అన్నారు, కోతి గెలిచిన ఉత్సాహంతో. విజయనగరం ఫోన్ కలిపితే తాతగారు, "ఆ గుడ్డ నువ్వు నేశావా? ఆ దూలం నువ్వు ఎత్తావా?" అన్నారు. ఇద్దరికీ నేను పోటీలో పాయింట్లు తెచ్చిపెడుతున్నదాన్ని తప్ప, తుంటి మీద వాతల గురించి ఎవరూ అడగలేదు. అమ్మ అడిగింది.

దూలం మాట తాతగారు ఊరికే అన్నారు గానీ, ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. అక్కడ రిగ్గర్ అనే ఉద్యోగి ఉంటాడు. నాట్యం చెయ్యడు, పాఠం చెప్పడు. గుడ్డ పైన దేనికి తగిలించి ఉందో చూడటమే ఆయన పని. మాకు దొరికిన పెద్దమనిషి ఒకప్పుడు కొండలెక్కేవాడు, తక్కువ మాటల మనిషి. రోజూ తరగతికి ముందు నిచ్చెనెక్కి ప్రతి కొక్కేన్నీ, గిరగిర తిరిగే ప్రతి స్వివెల్నీ వేలితో తడిమి, గుడ్డ పొడవునా వెలుతురుకి పట్టి చిరుగులు వెతికి, కిందికి వచ్చి పుస్తకంలో రాసేవాడు. కొక్కేల మీద అవి విరక్కుండా తట్టుకోగల బరువు చెక్కి ఉంటుంది. 22 కిలోన్యూటన్లు అని ఉంటే సుమారు 2,200 కిలోలని లెక్క. 54 కిలోల మనిషికి అంత ఎందుకని అడిగాను. పైనుంచి జారి ఒక్కసారిగా ఆగేటప్పుడు దూలం మీద పడేది 54 కాదు, దానికి ఎన్నో రెట్లు అన్నాడు. వేలాడే బరువు వేరు, పడే బరువు వేరు.

మా బృందంలో ఒకమ్మాయికి చేతులు వదలాల్సిన చోట ఒళ్ళు కదిలేది కాదు. టీచరు ఎంత చెప్పినా లాభం లేకపోయింది. "నమ్మకం ఉంచు" అని మేమంతా తలో మాటా అన్నాం. ఆయన మాత్రం ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "నన్ను నమ్మమని నేను ఎవర్నీ అడగను. నిచ్చెన అదుగో" అన్నాడు. ఆమె ఎక్కింది. దూలం చూసింది, బోల్టులు ముట్టుకుంది, పుస్తకంలో ఆ రోజు తేదీ పక్కన ఆయన సంతకం చూసింది. తరవాత మేమూ ఒక్కొక్కళ్ళం ఎక్కాం. ఆ పూట ఆమె చేతులు వదిలింది.

ప్రవచనాల్లో నేను ఇంతకాలం విన్న నమ్మకం వేరు. అక్కడ పరీక్షిస్తే నమ్మకం పలచబడిపోతుందంటారు. నిచ్చెనెక్కి చూడటం అవిశ్వాసం, కళ్ళు మూసుకోవడం భక్తి. ఆ సాయంత్రం నుంచి ఈ లెక్క నాకు కుదరడం మానేసింది.

పండగలో ఆలోచనలు పంచుకునే కూటాలు ఉండేవి. ఎవరు ఏ పని మీద ఉన్నారో చెప్పాలి, చేసి చూపాలి, తక్కినవాళ్ళు అడుగుతారు. నేను ద్రౌపది కథ చెప్పాను. కూచిపూడి పద్ధతిలో సభ, జూదం, లాగడం చూపించి, గుడ్డ దగ్గరికి వెళ్ళి చుట్టుకుని, రెండు చేతులూ వదిలాను. బాగుందన్నారు. ఐర్లండ్ నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం చెయ్యెత్తి, "తనను తాను కాపాడుకోవడం ఆమె మానేస్తేనే దేవుడు వచ్చాడా? మా ఊళ్ళో ఆడపిల్లలకి నేను ఈ కథ చెప్పలేను" అంది. అక్కడ క్రైస్తవ సన్యాసినులు నడిపిన మాగ్డలీన్ లాండ్రీల సంగతి చెప్పింది. తప్పుచేశారని ముద్రవేసిన ఆడవాళ్ళని లోపల పెట్టి, జీతం లేకుండా బట్టలు ఉతికించిన సంస్థలు. చివరిది మూతపడింది 1996లో. ప్రభుత్వం తరఫున ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2013లో. "లోపలికి పంపేటప్పుడు మాకు చెప్పిన మాట కూడా ఇదే, దేవుడికి అప్పగించుకోండి అని" అంది. మా అంటే ఆమె దేశపు ఆడవాళ్ళ గురించి. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

జవాబుగా నా దగ్గర ఉన్నవి తాతగారి మాటలే. శరణాగతి బలవంతం మీద చేసేది కాదు, పాంచరాత్ర ఆగమాలు దానికి ఆరు అంగాలు చెప్పాయి, కాపాడేవాడిగా నిన్నే వరిస్తున్నానని అడగడం అందులో ఒకటి, అని చెప్పాను. చెబుతుంటేనే అది జవాబు కాదనిపించింది. మర్నాడు పాఠాలు ఎగ్గొట్టి ఏటి ఒడ్డున కూర్చుని కథనే మొదటినుంచీ మళ్ళీ చూశాను. అప్పుడు కనిపించింది ఇది.

రెండు చేతులూ ఎత్తకముందు ద్రౌపది ఏం చేసింది? అడిగింది. సభకి రమ్మని కబురొస్తే కదలకుండా, ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా, వెళ్ళి కనుక్కురమ్మని వచ్చినవాణ్ణి తిప్పి పంపింది. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చాక కూడా సభలో నిలబడి అదే అడిగింది. తనను తాను పోగొట్టుకున్నవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిది? భీష్ముణ్ణి అడిగింది. ధర్మం సూక్ష్మం అని ఆయన తప్పుకున్నాడు. ద్రోణుడు తల దించుకున్నాడు. అయిదుగురు మొగుళ్ళు, అయిదుగురూ అక్కడే ఉన్నారు. మాట్లాడింది విదురుడూ, కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడూ. వాళ్ళ మాట చెల్లలేదు. తనను మోస్తామని ఇంతకాలం చెప్పుకున్న దూలాలు ఎంత మోస్తాయో ఆమె నిండు సభలో ఒక్కొక్కటీ తట్టి చూసింది. ఒక్కటీ నిలవలేదు. అవన్నీ చూశాక ఎత్తిన చేతులు అవి.

పుణేలో భండార్కర్ సంస్థవాళ్ళు వందలాది తాళపత్రాలు, ప్రతులు పోల్చి మహాభారతానికి పరిష్కృత ప్రతి తయారుచేశారు. అందులో సభాపర్వం 1944లో వచ్చింది, పరిష్కర్త ఫ్రాంక్లిన్ ఎడ్జర్టన్. ఆ ప్రతిలో ద్రౌపది కృష్ణుణ్ణి పిలిచే శ్లోకాలు మూలంలో లేవు, అడుగున పాఠాంతరాల్లోకి వెళ్ళాయి. చీర మాత్రం వస్తూనే ఉంటుంది. ఆమె ప్రశ్న కూడా ఉంది, చెక్కు చెదరకుండా. పిలుపు తరవాత చేరిందని పండితులు అన్నంత మాత్రాన అది అబద్ధమని నేను అనను. తరతరాలు ఆ పిలుపులో తమ గొంతు కలిపాయి. నా తగాదా వేరు. పిలుపుని పెద్దది చేసి చెప్పేవాళ్ళు ప్రశ్నని ఎందుకు మింగేస్తారు? నేను విన్న ఎన్ని హరికథల్లో, ఎన్ని ప్రవచనాల్లో ద్రౌపది ప్రశ్న ఒక్క వాక్యంలో దాటిపోయి, ఎత్తిన చేతులు అరగంట సాగాయో! ఆడదాని శరణాగతి అనగానే మనకి తొందర ఎక్కువ.

మా లోకాచార్యులవారికి ఆ తొందర లేదనుకుంటాను. ద్రౌపది స్నానం చేసి వచ్చి శరణాగతి చెయ్యలేదు కదా అని ఆయన శ్రీవచనభూషణంలో గుర్తుచేస్తారు. ఆమె అప్పుడు ముట్టుతో, ఒంటి వస్త్రంతో ఉంది. అంటే శరణుకోరేవాళ్ళకి మడి, మైల, చోటు, వేళ అన్న షరతులు లేవని ఆయన చెప్పదలచుకున్నది. పదమూడు పధ్నాలుగు శతాబ్దాల మనిషి ఆ మాట రాశాడు. షరతులన్నీ శరణుకోరేవాళ్ళ మీంచి తీసేస్తే అవి ఎటు పోవాలి? కాపాడతానన్నవాడి మీదికే.

ఇదే తాతగారికి ఫోన్‌లో చెప్పాను. ఎనభై దాటిన మనిషి, కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "పిల్లిపిల్ల ఏం చెయ్యాలో మన ఆచార్యులు ఎక్కడా చెప్పలేదమ్మా. చెప్పిందంతా పిల్లి ఏం చేస్తుందో" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "పిల్లి తన పిల్లని ఏ పళ్ళతో కరుచుకుంటుందో ఎలకనీ ఆ పళ్ళతోనే కరుచుకుంటుంది. తేడా పిల్లకి తెలియదు. పిల్లికి తెలియాలి."

"తెలియకపోతే, తాతగారూ?"

"అది పిల్లి కాదు."

ఆయనకి అంతటితో సరిపోయింది. నాకు సరిపోలేదు. నోట కరిచినది పిల్లా కాదా అని పిల్లకి తెలిసేసరికి ఆలస్యం అయిపోతే? దేవుడి సంగతి నాకు తేలలేదు. ఆయన దూలం నేను చూడలేదు. చూశామన్నవాళ్ళని ఎరుగుదును, వాళ్ళలో మా తాతగారు ఒకరు, ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. మనుషుల సంగతి మాత్రం తేలింది. శరణాగతి చెయ్యమని ఇంకొకరిని అడిగేవాడు ఎవడైనా, గురువైనా, మొగుడైనా, అత్తగారైనా, మఠమైనా, ముందు నిచ్చెన వెయ్యాలి. పుస్తకం తెరిచి చూపాలి. మా నాట్య లోకంలోనే గురువుకి సర్వం అర్పించుకోమని చెప్పే నోళ్ళు ఎన్ని! అర్పించుకున్న పిల్లకి మోకాలు చిప్ప అరిగితే, అంతకన్నా పెద్ద నష్టం జరిగితే, ఎవరి సంతకం వెతకాలి? పెళ్ళిలో అప్పగింతలప్పుడు పిల్ల చెయ్యి పాలలో ముంచి ఒక్కొక్కరి చేతుల్లో పెడతాం. కడుపులో పెట్టుకు చూసుకోండని ఏడుస్తాం. పుచ్చుకున్నవాళ్ళు తల ఊపుతారు. ఆ తల ఊపడానికి మించి వాళ్ళ దగ్గర మనం ఏమీ తీసుకోం. సన్నాయివాళ్ళు ఆ ఘట్టాన్ని అంత బాగా వాయించబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇచ్చిపుచ్చుకోవడం ఒక వైపే జరగలేదు. ఆఖరి కూటంలో నన్ను మీ ఊరి సంగతి ఇంకేమైనా చెప్పమంటే సిరిమాను వీడియో చూపించాను. విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి పండగ. 50–60 అడుగుల చింతమాను చివర ఆసనం కట్టి, పూజారిని కూర్చోబెట్టి, జనసముద్రం మీదుగా చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు రథం నడుస్తాయి. జనం పూజారి మీదికి అరటిపళ్ళు విసురుతారు. బౌల్డర్ జనం నోళ్ళు తెరుచుకుని చూశారు. రిగ్గర్ పెద్దాయన లేచి తెర దగ్గరికొచ్చి, మాను మొదలు బండికి బిగించిన చోటు మళ్ళీ చూపించమని ఆపించాడు. మాను ఎవరు ఎంచుతారని అడిగాడు. ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని చెప్పాను. తరవాత? తరవాత వెళ్ళి వెతికి, పూజ చేసి, కొట్టి తెచ్చి, వడ్రంగులు చెక్కుతారు. "అయితే దేవత చెప్పాక కూడా వడ్రంగి చూస్తాడన్నమాట" అని ఆయన సంతృప్తిగా కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి మేడ మీంచి సిరిమాను చూసినదాన్ని. నా కళ్ళు ఎప్పుడూ పూజారి మీదే ఉండేవి, మాను మొదట్లో నిలబడే వడ్రంగుల మీదికి పోలేదు.

మల్లఖంబం చూపిస్తే కొందరికి ఇదంతా భారతదేశంలోనే పుట్టిందా అని సందేహం వచ్చింది. అవునని చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం చాలా సులువు. మనవాళ్ళు విదేశాల్లో ఆ పని రోజూ చేస్తున్నారు. నేను చెయ్యలేదు. ఎవరికివారు ఊగారు, ఎవరికివారు పడ్డారు, అంతే.

తిరిగొచ్చాక ద్రౌపది ఘట్టాన్ని తిరగరాశాను. ఇప్పుడు నాట్యంలో ఎక్కువ భాగం ఆమె ప్రశ్నే. అదంతా నేల మీద, కూచిపూడిలో, జతులతో. ఒక్కో పెద్దమనిషి ముందుకీ వెళ్ళి అడగడం, జవాబు లేక ఇంకొకరి వైపు తిరగడం. గుడ్డ మొదటినుంచీ వేదిక మీద వేలాడుతూనే ఉంటుంది, ఆమె దాని వంక చూడదు. చివర కొద్ది నిమిషాలే గాలి. పక్కా కూచిపూడి పెద్దలు కొందరికి ఇది నచ్చలేదు. నేల వదిలితే కూచిపూడి ఎలా అవుతుందని అడిగారు. మంచి ప్రశ్నే. అవదనే నేనూ అనుకుంటున్నాను. ద్రౌపది ఆ క్షణాన ఏ శాస్త్రంలోనూ లేదు.

ఆడటానికి చోటు దొరకడమే అసలు కష్టం. మా ప్రాంతంలో పెద్ద హాళ్ళు ఒక్కొక్కటే తిరిగాను. పై దూలం ఎంత మోస్తుందని అడిగితే ఒకచోట మేనేజరు, "మేడమ్, లైట్లన్నీ దానికే కట్టాం, ఏమీ కాలేదు, మీరు నమ్మండి" అన్నాడు. లెక్క కాగితం ఎక్కడా లేదు. కట్టిన ఇంజనీరు ఎవరో తెలియదు. చివరికి ఒక స్నేహితుడి గోడౌన్‌లో, స్ట్రక్చరల్ ఇంజనీరుతో లెక్క కట్టించి, ఉక్కు దూలం వేయించి ఆడాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళలో తాతగారు ఉన్నారు. ఆటకి ముందు నిచ్చెన ఎక్కుతానని పట్టుబట్టారు, మేం ఎక్కనివ్వలేదు. కింద కుర్చీ వేసుకుని ఇంజనీరు చేత లెక్క మొత్తం చదివించుకుని విన్నారు.

ఇది చదివి మీ పిల్లలు ఇంట్లో ఫ్యాను కొక్కేనికి చీర కట్టి వేలాడబోతే ఆపండి. ఆ కొక్కెం ఫ్యాను కోసం వేసింది. మీ ఊళ్ళో కళాభారతో కల్యాణ మండపమో కొత్తగా కడుతుంటే మాత్రం, దూలం ఎంత బరువు మోస్తుందో, ఎవరు లెక్క కట్టారో, ఏ తేదీన చూశారో రాసి వేదిక పక్క గోడకి తగిలించమని ఇప్పుడే అడగండి. కట్టడం అయిపోయాక అడిగితే నమ్మమంటారు.